ఒక నగరం, ఒక తేదీ: పాత వాతావరణ రికార్డుల్లో ఏ అంకెను నమ్మాలి?

చిట్టాపద్దు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మేం కొందరం కలిసి నడిపే చిన్న న్యూస్‌లెటర్‌లో "ఈ తేదీన మన నగరంలో" అని ఒక పెట్టె మొదలుపెడదామనుకున్నాం. ఆ తేదీకి ఇప్పటిదాకా అత్యధిక ఉష్ణోగ్రత ఎంత, అత్యల్పం ఎంత, పెద్ద వాన ఏ ఏడాది పడింది, అంతే. ఐదు నిమిషాల పని అనుకుని కూర్చుంటే మూడు సైట్లు మూడు రకాలుగా చెబుతున్నాయి. ఎండ రికార్డుల్లో రెండు డిగ్రీల పైనే తేడా. సంవత్సరాలు కూడా కలవడం లేదు. వాన సంగతి మరీ ఘోరం. ఒక సైటు ప్రకారం ఆ రోజు కుంభవృష్టి. ఇంకో సైటు ప్రకారం ఆ రోజు చినుకు లేదు, మర్నాడు కుంభవృష్టి.

నగరం పేరు కావాలనే చెప్పట్లేదు. చెబితే చర్చంతా ఆ ఊరి ఎండల మీదికి పోతుంది. ఏ ఊరికైనా సరే, ఒక తేదీకి రికార్డు అని అచ్చు వేసేటప్పుడు ఏ అంకె వేయాలి?

పాదరసం

మూడూ కరెక్టే అయ్యుండొచ్చు :) ఆ మూడు సైట్లూ ఒకే దాన్ని కొలవడం లేదు కాబట్టి.

ఒకటి బహుశా ఎయిర్‌పోర్ట్ మెటార్ రిపోర్టుల (విమానాల కోసం ఇచ్చే వాతావరణ నివేదికలు) నుంచి తీసి ఉంటుంది. అవి అరగంటకో గంటకో ఒకసారి వస్తాయి, ఉష్ణోగ్రత పూర్తి డిగ్రీల్లోనే ఉంటుంది. రెండు రిపోర్టుల మధ్య పాదరసం ఎంత పైకెక్కి దిగినా అందులో కనబడదు. రెండోది రీఅనాలిసిస్ అయ్యుంటుంది, అంటే ఈఆర్ఏ5 లాంటిది. అది 1940 నుంచి ప్రతి గంటకూ లెక్క ఇస్తుంది, కానీ అది మోడల్ కట్టిన చిత్రం. సుమారు 31 కిలోమీటర్ల గడికి ఒక విలువ. మీ నగరం, పక్కనున్న చెరువు, ఆ పక్క కొండ అన్నీ ఒకే గడిలో ఉంటే అన్నింటికీ కలిపి ఒకటే ఉష్ణోగ్రత. మూడోది అసలు స్టేషన్‌లో మనిషో యంత్రమో కొలిచిన గరిష్ఠ, కనిష్ఠాలు.

రికార్డు అని వేయాలంటే మూడోదే. మిగతా రెండూ పనికిరావని కాదు. స్టేషన్ లేని చోట ఈఆర్ఏ5 దేవుడిచ్చిన వరం. కానీ "నమోదైంది" అనే మాట వాడాలంటే ఎవరో ఒకరు నమోదు చేసి ఉండాలి కదా.

మబ్బుతునక

ఇంత గొడవ ఎందుకండీ, ఫోన్‌లో వెదర్ యాప్ తెరిస్తే "ఈ రోజు సగటు" అని చూపిస్తుంది, అది వేసేయండి.

పాదరసం

ఆ సగటు ఎన్నేళ్లది, ఏ స్టేషన్‌ది అని యాప్‌ను అడిగి చూడండి, చెబితే నాకూ చెప్పండి.

వానకోయిల

వాన తేదీ మారడం గురించి నేను చెబుతాను, ఎందుకంటే అందరూ పడే గుంటే ఇది. "రోజు" ఎక్కడ మొదలవుతుందో దేశానికో పద్ధతి ఉంది.

భారత వాతావరణ శాఖ వాన కొలిచేది ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా. ఆ లెక్క రీడింగ్ తీసిన రోజు తేదీతో వేస్తారు. బ్రిటన్‌లో ఉదయం 9 గంటలకు కొలుస్తారు (గ్రీనిచ్ సమయం), కానీ ఆ వానను ముందురోజు ఖాతాలో రాస్తారు. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. అది కూడా స్టాండర్డ్ టైమ్ ప్రకారం, అంటే వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరిపినప్పుడు వాళ్ల వాతావరణ రోజు రాత్రి ఒంటిగంటకు మొదలవుతుంది!

ముంబై సంగతే చూడండి. 2005 జులై 26 అనగానే అందరికీ గుర్తొచ్చే 944.2 మిల్లీమీటర్లు శాంతాక్రజ్ స్టేషన్ రీడింగ్. అది జులై 27 ఉదయం 8:30తో ముగిసిన 24 గంటలది. పత్రికలు 26 అంటాయి, జనం గుర్తుపెట్టుకున్నదీ 26నే. శాఖ పద్ధతిలో పట్టిక తీస్తే 27 ఎదురుగా ఉంటుంది. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. మీ చిట్టాపద్దు పెట్టెలో మాత్రం అది ఏదో ఒక రోజే రావాలి.

చిట్టాపద్దు

అంటే నా రెండు సైట్ల వాన గొడవ ఇదేనన్నమాట. ఒకడు రీడింగ్ రోజు వేశాడు, ఇంకొకడు వాన పడిన రోజు వేశాడు.

వానకోయిల

చాలావరకు అదే. ఇంకో మాట. అదే ముంబైలో, అదే 24 గంటల్లో, శాంతాక్రజ్‌కు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కొలాబా స్టేషన్‌లో పడింది 73.4 మిల్లీమీటర్లు. ఒకే నగరం, ఒకే రోజు, ఒకచోట దాదాపు మీటరు ఎత్తు నీళ్లు, ఇంకోచోట మామూలు వర్షాకాలపు వాన. "ముంబైలో ఆ రోజు ఎంత పడింది" అనే ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. అందుకే నగరం పేరుతో రికార్డు వేయకండి, స్టేషన్ పేరుతో వేయండి.

నైట్‌షిఫ్ట్

ఉష్ణోగ్రతకు కూడా ఈ తేదీల తిరకాసు ఉంటుందా? ఎండ మధ్యాహ్నమే కదా కాసేది, అందులో తేడా ఏముంటుంది?

పాత_అబ్జర్వర్

ఉంటుంది బాబూ. నేను చాలా ఏళ్లు అబ్జర్వేటరీలో రీడింగులు తీసినవాణ్ణి, చెబుతా విను.

తెల్ల చెక్కపెట్టె చూసుంటావు, పక్కలకు ఏటవాలు రెక్కలుంటాయి. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. లోపల రెండు థర్మామీటర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి. గరిష్ఠానిది పాదరసం. బల్బు దగ్గర గొట్టం సన్నగా నొక్కినట్టు ఉంటుంది, జ్వరం చూసే పాత థర్మామీటర్ లాగానే. పాదరసం ఎక్కుతుంది గానీ దానంతటది దిగదు. కనిష్ఠానిది ఆల్కహాల్. అందులో చిన్న గాజుపుల్ల తేలుతూ ఉంటుంది. చలికి ఆల్కహాల్ వెనక్కి వెళ్తూ ఆ పుల్లను తనతో లాక్కుపోతుంది, తిరిగి వేడెక్కినప్పుడు పుల్లను అక్కడే వదిలేసి తను ముందుకెళ్తుంది. బల్బుకు దూరంగా ఉన్న పుల్ల చివర చదవాలి.

తలుపు తీయగానే ముందు పదోవంతు చదవాలి, తర్వాత పూర్తి డిగ్రీలు. మన ఊపిరి, ఒంటి వేడి తగిలితే ముందు కదిలేది పదోవంతే. కన్ను సరిగ్గా గీత ఎదురుగా ఉండాలి. చదివాక గరిష్ఠాన్ని విదిలించి, కనిష్ఠాన్ని వంచి పుల్లను మళ్లీ ఆల్కహాల్ అంచుకు తెచ్చి పెట్టేయాలి.

ఇప్పుడు తేదీ సంగతి. పొద్దున చదివిన గరిష్ఠం నిన్న మధ్యాహ్నానిది. దాన్ని నిన్నటి తేదీకి రాయాలా, ఇవాళ్టికి రాయాలా అన్నది ఆ స్టేషన్ పద్ధతి. కొన్ని చోట్ల నిన్నటికి, కొన్ని చోట్ల ఇవాళ్టికి. పాత పుస్తకాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఈ పద్ధతి ఎవరైనా పట్టించుకున్నారా లేదా అన్నది పుస్తకం పుస్తకానికీ మారుతుంది.

సాయంత్రం చదివే స్టేషన్లలో ఇంకో తమాషా. బాగా ఎండ కాసిన రోజు సాయంత్రం ఐదింటికి చదివి విదిలించారనుకో. ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి విదిలించిన పాదరసం అక్కడిదాకా వెంటనే ఎక్కి కూర్చుంటుంది. మర్నాడు మబ్బు పట్టి చల్లగా ఉన్నా, ఆ రోజు గరిష్ఠంగా నిన్న సాయంత్రపు వేడే నమోదవుతుంది. ఒక్క ఎండ రెండు రోజుల లెక్కలో పడుతుందన్నమాట.

నైట్‌షిఫ్ట్

పెద్దాయనా, ఇది ఎక్కడా చదవలేదు. థాంక్స్.

లెక్కలమాస్టారు

అబ్జర్వర్ గారు చెప్పిన తలుపు దగ్గర జాగ్రత్త ఎంత ముఖ్యమో తెలియాలంటే లిబియాలోని అల్ అజీజియా చాలు. 1922 సెప్టెంబర్ 13న అక్కడ 58 డిగ్రీలు నమోదైందని తొంభై ఏళ్లు ప్రపంచ రికార్డుగా పుస్తకాల్లో రాసుకున్నాం. ప్రపంచ వాతావరణ సంస్థ విచారణ జరిపి 2012లో దాన్ని కొట్టేసింది. అనుభవం లేని అబ్జర్వర్, అలవాటు లేని పాత రకం థర్మామీటర్, లోపలి పిన్నులో చదవాల్సిన చివర వదిలేసి రెండో చివర చదివాడని నిర్ధారణకొచ్చారు. పిన్ను పొడవు సుమారు 7 డిగ్రీలు. దాంతో కాలిఫోర్నియా డెత్ వ్యాలీలో 1913 జులై 10న నమోదైన 56.7 డిగ్రీలకు ఆ స్థానం దక్కింది.

మబ్బుతునక

అదంతా పాతకాలం. ఇప్పుడు ఆటోమేటిక్ స్టేషన్లు వచ్చాక ఈ బాధలు లేవు కదా.

పాదరసం

2024 మే 29, ఢిల్లీ ముంగేష్‌పూర్. ఆటోమేటిక్ స్టేషన్ 52.9 చూపించింది. దేశమంతా హెడ్‌లైన్లు. అదే రోజు నగరంలో మిగతా స్టేషన్లు 45.2 నుంచి 49.1 మధ్య ఉన్నాయి. శాఖ వెళ్లి ప్రామాణిక పరికరంతో పోల్చి చూస్తే ఆ సెన్సర్ దాదాపు 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. మనిషి తప్పు చదివితే ఒక రోజు పోతుంది. సెన్సర్ జారిపోతే ఎవరో గమనించేదాకా ప్రతి రోజూ పోతుంది.

అందుకే ఏ రికార్డైనా ఆ రోజు చుట్టుపక్కల స్టేషన్లు ఏం చెప్పాయో చూడకుండా పెట్టెలో వేయొద్దు. అందరికంటే ఒంటరిగా మూడు నాలుగు డిగ్రీలు పైన నిలబడ్డ అంకె కనిపిస్తే ముందు అనుమానించాల్సింది పరికరాన్నే.

చిట్టాపద్దు

సరే, స్టేషన్ డేటా తెచ్చుకుందామంటే ఎక్కడ దొరుకుతుంది? దేశాల వాతావరణ శాఖలవి కొన్ని ఉచితంగా ఉన్నాయి, కొన్ని లేవు.

డేటాగొడవ

అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా నడిపే జీహెచ్‌సీఎన్ డైలీ అనే రోజువారీ రికార్డుల డేటాబేస్ చూడండి. 180 దేశాల్లో లక్షకు పైగా స్టేషన్లు, ఉచితం. అయితే అందులో చాలావాటికి వాన తప్ప ఇంకేమీ ఉండదు. ఉష్ణోగ్రత ఉన్నవాటిలో కూడా మధ్యలో ఏళ్లకేళ్లు ఖాళీలుంటాయి.

ఫైల్ తెరవగానే భయపడొద్దు. ఒక వరుస అంటే ఒక నెల, అందులో 31 గళ్లు. విలువలు డిగ్రీలో పదోవంతుల్లో ఉంటాయి, 412 అంటే 41.2. డేటా లేని రోజుకు -9999 అని ఉంటుంది. దీన్ని తీసేయకుండా పదితో భాగించి కనిష్ఠం వెతికారనుకోండి, మీ నగరంలో మైనస్ 999.9 డిగ్రీల చలి పెట్టినట్టు వస్తుంది. నవ్వొస్తుంది గానీ నష్టం లేదు, వెంటనే దొరికిపోతుంది. దొరకని తప్పు వాన దగ్గర. ఖాళీని సున్నాగా మార్చేశారనుకోండి, చూసేవాళ్లకు ఆ రోజు వాన పడలేదనే అనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు.

ప్రతి విలువ పక్కన మూడు అక్షరాల జాగా ఉంటుంది. రెండోది నాణ్యత పరీక్షది. అక్కడ ఏదైనా అక్షరం ఉందంటే ఆ విలువ ఏదో పరీక్షలో ఫెయిల్ అయిందని. అది రికార్డు అయితే మరీ జాగ్రత్త.

వానకోయిల

దీనికి ఒకటి కలుపుతాను. సోమవారం వానలు! కొన్ని చోట్ల శని, ఆదివారాలు కొలిచేవాళ్లు రారు. గేజ్‌లో నిండినదంతా సోమవారం ఉదయం ఒకేసారి కొలిచి రాస్తారు. బాగా నడిచే డేటాబేస్‌లు దీన్ని "కొన్ని రోజుల మొత్తం" అని విడిగా పెడతాయి. పాత పట్టికల్లో అలా ఉండదు. ఏదైనా తేదీ రికార్డు వాన సోమవారం పడితే, ముందు రెండు రోజులూ సున్నానా, ఖాళీనా చూడండి.

పాత_అబ్జర్వర్

సోమవారం మాట నిజం. నేనేం మాట్లాడను :)

డేటాగొడవ

ఇంకో చిట్కా, నాకు చాలా ఇష్టమైనది. పాత సంవత్సరాల గరిష్ఠాలు వరుసగా చూడండి. 32.2, 32.8, 33.3, 33.9, 34.4 ఇవే మళ్లీ మళ్లీ వస్తూ, 32.5 గానీ 33.0 గానీ ఎక్కడా లేకపోతే ఆ రోజుల్లో ఫారన్‌హీట్‌లో పూర్తి డిగ్రీలకు కొలిచి తర్వాత సెల్సియస్‌లోకి మార్చారన్నమాట. 90, 91, 92, 93, 94 ఫారన్‌హీట్ సరిగ్గా అవే. అక్కడ 33.9 అంటే అసలు వేడి 33.6 నుంచి 34.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అలాంటి 33.9ని నిరుడు కొలిచిన 34.0 "బద్దలు కొట్టింది" అని రాస్తే ఏమైనా అర్థముందా? దాన్ని సమం అనడమే న్యాయం.

నైట్‌షిఫ్ట్

ఇది విన్నాక నాకో సందేహం. పేపర్లో రెండు రోజులకోసారి "ఈ తేదీకి రికార్డు ఎండ" అని వస్తుంది. ఇన్ని రికార్డులు ఎలా బద్దలవుతాయి? ఇది వాతావరణ మార్పా, లేక పేపరోళ్ల హడావిడా?

లెక్కలమాస్టారు

రెండూ కొంచెం కొంచెం. ముందు హడావిడి లెక్క చూద్దాం.

వాతావరణం అస్సలు మారట్లేదనుకోండి. ఒక స్టేషన్‌లో ఒకే తేదీకి 50 ఏళ్ల గరిష్ఠాలున్నాయి. 51వ ఏడు వచ్చింది. యాభై ఒక్క చీటీలు డబ్బాలో వేసి కలిపితే పెద్ద అంకె ఉన్న చీటీ ఏదైనా కావొచ్చు. అది ఈ ఏటిదే అయ్యే అవకాశం 51లో 1. ఒక తేదీకి చూస్తే తక్కువే, సుమారు 2 శాతం. కానీ ఏడాదిలో తేదీలు 365. 365ని 51తో భాగిస్తే 7 పైన. అంటే ఏ మార్పూ లేకపోయినా ఏడాదికి ఏడు తేదీల్లో ఎండ రికార్డు పడుతుంది. చలి రికార్డులు ఇంకో ఏడు. "ఈ తేదీకి అత్యంత వెచ్చని రాత్రి", "అత్యంత చల్లని పగలు" కూడా కలిపితే ఏడాదికి 28 దాకా వస్తాయి. నెలకు రెండుకు పైనే హెడ్‌లైన్లు, అదీ ఒక్క స్టేషన్‌కు.

పైగా అవి ఏడాది పొడవునా సమానంగా పరుచుకోవు. ఒక వడగాలుల వారం వచ్చిందంటే నాలుగు తేదీలు వరుసగా పోతాయి, తర్వాత నెలల తరబడి ఏమీ ఉండదు.

అందుకే "ఈ తేదీకి రికార్డు" అనే మాట ఒంటరిగా పెద్ద వార్త కాదు. "ఈ నెలకు రికార్డు" దానికంటే పెద్దది. "ఈ స్టేషన్ చరిత్రలోనే" అంటే అప్పుడు కుర్చీలోంచి లేవొచ్చు.

మబ్బుతునక

అంటే భూమి వేడెక్కడం అంతా ఉత్తిదేనా?

లెక్కలమాస్టారు

అలా అనలేదండీ. నేను చెప్పిన లెక్కలోనే పరీక్ష కూడా ఉంది. వాతావరణం మారకపోతే ఎండ రికార్డులు, చలి రికార్డులు సరిసమానంగా రావాలి, రెండూ ఏడాదికేడాది కాస్త కాస్త తగ్గుతూ పోవాలి. 2009లో జెరాల్డ్ మీల్ బృందం అమెరికా స్టేషన్ల తేదీవారీ రికార్డులన్నీ తీసి లెక్కపెట్టింది. 1950లలో ఒక చలి రికార్డుకు ఇంచుమించు ఒక ఎండ రికార్డు ఉంది. 2000ల దశాబ్దానికి వచ్చేసరికి ఒక చలికి రెండు ఎండ రికార్డులు. ఒక్కో తేదీ రికార్డు దానంతటది ఏమీ నిరూపించదు, కానీ వేల రికార్డుల నిష్పత్తి ఒకవైపుకి ఒరిగితే అది చాలా చెబుతుంది.

అడ్మిన్

ఇక్కడి నుంచి రాజకీయాల వైపు వెళ్లిన రెండు పోస్టులు తీసేశాను. తేదీలు, రికార్డులు, డేటా వరకే ఉంచుదాం.

పాదరసం

నగరాల విషయంలో ఒక మెలిక ఉంది. ఊరు పెరిగితే రాత్రి కనిష్ఠాలు ముందు ఎక్కుతాయి, పగటి గరిష్ఠాల మీద అంత ప్రభావం కనబడదు. పగలంతా వేడిని పీల్చుకున్న కాంక్రీటు రాత్రంతా వదులుతూ ఉంటుంది కదా. కాబట్టి ఒకప్పుడు పొలాల మధ్య ఉండి ఇప్పుడు ఇళ్ల మధ్యలో పడ్డ స్టేషన్‌లో పాత చలి రికార్డులు ఇక బద్దలవడం కష్టం. దానికి భూమి వేడెక్కడంతోపాటు ఊరు కూడా కారణం.

ఇది కాక స్టేషనే మారిపోతుంది. చాలా నగరాల్లో మొదట ఊరి మధ్య అబ్జర్వేటరీలో కొలిచేవారు, తర్వాత ఎయిర్‌పోర్టుకు మార్చారు. పేరు అదే ఉంటుంది, చోటు వేరు. మీ రికార్డుల్లో ఒక రకంవన్నీ ఏదో ఒక సంవత్సరానికి ముందే, ఇంకో రకంవన్నీ ఆ తర్వాతే గుంపుగా కనిపిస్తే అక్కడ ఏదో మారిందని అర్థం. చోటు కదలకుండా ఎక్కువ కాలం కొలిచినవి అరుదు. ప్రాగ్‌లోని క్లెమెంటినమ్‌లో 1775 నుంచి, ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ అబ్జర్వేటరీలో 1813 నవంబర్ నుంచి రోజువారీ ఉష్ణోగ్రతలు తెగకుండా ఉన్నాయి. అలాంటి చోట తేదీ రికార్డు పడితే దాని బరువే వేరు, ఎందుకంటే అది రెండు వందల పైచిలుకు ఏళ్లను దాటాలి.

నైట్‌షిఫ్ట్

నాది వేరే అవసరం, ఇక్కడే అడిగేస్తా. ఆరుబయట ఒక ఫంక్షన్ ఉంది, తేదీ ఫిక్స్ అయింది. గత 30 ఏళ్లలో ఆ తేదీన 9 సార్లు వాన పడింది. అంటే వాన అవకాశం 30 శాతం అనుకోవచ్చా? టెంట్ వేయించాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.

లెక్కలమాస్టారు

30 శాతం అని వేసుకోండి గానీ దాన్ని పట్టుకుని వేలాడొద్దు. 30లో 9 అంటే అసలు అవకాశం 14 నుంచి 46 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ముప్ఫై ఏళ్లు మనిషికి ఎక్కువ, గణాంకాలకు చాలా తక్కువ.

దీనికి మందు, ఆ ఒక్క తేదీ కాకుండా ముందు ఏడు రోజులు, వెనక ఏడు రోజులు కలిపి లెక్కించడం. పదిహేను రోజులు, 30 ఏళ్లు, 450 విలువలు. పక్కపక్క రోజులు ఒకదానికొకటి బంధువులే కాబట్టి 450 పూర్తి బలం ఇవ్వవు, అయినా ఒక్క తేదీ కంటే చాలా నయం. వాతావరణానికి క్యాలెండర్ తెలియదు. 14న 9 సార్లు, 15న 4 సార్లు పడితే 15 శుభ్రమైన రోజని కాదు.

సగటు ఉష్ణోగ్రతకూ ఇదే. రోజువారీ ఎగుడుదిగుడు 3 డిగ్రీలనుకుంటే, 30 ఏళ్ల సగటులో కూడా అర డిగ్రీకి పైన ఊగిసలాట మిగులుతుంది. అందుకే "సాధారణం" అని ప్రకటించే తేదీవారీ అంకెలను చాలాచోట్ల నునుపు చేసి ఇస్తారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రామాణిక కాలం 1991 నుంచి 2020.

టెంట్ వేయించేయండి.

వానకోయిల

"వాన పడింది" అంటే ఎంత పడితే అన్నది కూడా చూసుకోండి. ప్రపంచంలో ఎక్కువ చోట్ల 1 మిల్లీమీటరు దాటితే వాన రోజు. భారత శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు. హద్దు మారితే మీ 9 కాస్తా 6 అవ్వొచ్చు. ఫంక్షన్‌కు ఇంకో తిప్పలు, మీకు కావాల్సింది సాయంత్రం వాన, పట్టికలో ఉండేది 24 గంటల వాన.

నైట్‌షిఫ్ట్

టెంట్ ఆర్డర్ ఇచ్చేశా :)

మబ్బుతునక

నాకు రికార్డుల కంటే ఒకే రోజులో జరిగిన వింతలు ఇష్టం. అలాంటివి ఏమైనా చెప్పండి.

పాదరసం

1943 జనవరి 22, అమెరికాలోని సౌత్ డకోటాలో స్పియర్‌ఫిష్ అనే ఊరు. పొద్దున ఏడున్నరకు మైనస్ 20. రెండు నిమిషాల్లో 7.2 డిగ్రీలకు ఎక్కింది. కొండ దిగి వచ్చే వెచ్చని పొడిగాలి మహిమ. తొమ్మిది దాటాక గాలి ఆగింది, అరగంట లోపే మళ్లీ మైనస్ 20. ఆ ఊరి పట్టికలో ఈ కథంతా ఒక గరిష్ఠం, ఒక కనిష్ఠం, అంతే. మధ్యలో ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆ రెండు అంకెలు చెప్పవు. అక్కడికి దూరంగా మోంటానాలోని లోమాలో 1972 జనవరి 14, 15 తేదీల్లో 24 గంటల్లో మైనస్ 47.8 నుంచి 9.4కు ఎక్కింది. అది రెండు తేదీల మధ్య చీలిపోయింది కాబట్టి ఏ ఒక్క తేదీ వరుస చూసినా పూర్తి సంగతి బోధపడదు.

చిట్టాపద్దు

అందరికీ చాలా థాంక్స్. పెట్టె ఇలా వేద్దామనుకుంటున్నాను: స్టేషన్ పేరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా డేటా ఉంది, రికార్డు, సంవత్సరం, దాని తర్వాతి స్థానంలో ఉన్నది. వాన అయితే ఏ గంట నుంచి ఏ గంట దాకా అని కింద చిన్న అక్షరాల్లో. సగటు వేయను, యాప్‌లకే వదిలేస్తా. ఇది బరువెక్కిపోతుందా?

వానకోయిల

బరువేం కాదు, రెండో స్థానం వేయడమే అసలు మజా. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ స్టేషన్, జూన్ 28 చూడండి. 2024లో ఆ తేదీ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో 228.1 మిల్లీమీటర్లు. నగరం మునిగింది, కానీ రికార్డు కాలేదు. జూన్ నెల రికార్డు 1936లో పడిన 235.5. అది కూడా జూన్ 28నే! 88 ఏళ్ల తేడాతో ఒకే తేదీ. రికార్డు ఒక్కటే వేస్తే 2024 మీ పెట్టెలోకే రాదు.

డేటాగొడవ

మొదటి, రెండో స్థానాల మధ్య తేడా అర డిగ్రీ లోపు ఉంటే "సమం" అని వేసే గుణం మీ న్యూస్‌లెటర్‌కు ఉండాలని కోరుకుంటున్నా.

చిట్టాపద్దు

ఉష్ణోగ్రతకు అలాగే. వానకు 5 మిల్లీమీటర్లు అనుకుంటున్నా, సరిపోతుందా?

వానకోయిల

వానకు వద్దు. చిన్న వానల దగ్గర 5 మిల్లీమీటర్లు చాలా ఎక్కువ, పెద్ద వానల దగ్గర లెక్కలోకే రాదు. ఉన్నది ఉన్నట్టు వేయండి.

నైట్‌షిఫ్ట్

ఫిబ్రవరి 29కి ఏం చేస్తారు?

లెక్కలమాస్టారు

1901 నుంచి 2000 దాకా ఆ తేదీ వచ్చింది 25 సార్లే. వందేళ్ల స్టేషన్ అయినా ఆ ఒక్క తేదీకి పాతికేళ్ల పసిది. అక్కడ రికార్డు పడే అవకాశం పక్క తేదీల కంటే దాదాపు నాలుగు రెట్లు. "ఎన్నేళ్ల డేటా" అన్నచోట 25 అని స్పష్టంగా వేయండి, చదివేవాళ్లకు వాళ్లకే తెలుస్తుంది.

చిట్టాపద్దు

అలాగే వేస్తా. మొదటి వారం పెట్టెలు రేపటికల్లా తయారవుతాయి. అచ్చుకు పంపేముందు ఇక్కడ పెడతాను, సోమవారాలు ఒకసారి చూసిపెట్టండి.